దామన్‌జోడీకీ కోరాపుట్‌కీ ఒకటే టికెట్

"ఎక్స్‌క్యూజ్ మీ, కిటికీ సీటు నాదండి."

"తెలుసు," అంది దీనా తల తిప్పకుండానే.

"తెలిస్తే మరి..."

"లేవను."

దామన్‌జోడీలో బండెక్కిన ఆ కుర్రాడు, నీళ్ళు కారుతున్న గొడుగు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎదురు బెంచీ మీద పార్వతీపురం వెళ్తున్న పెద్దాయన చేతిలో పేపరు దించి మరీ చూశాడు.

"మీ టికెట్ ఎంత పడిందండి?" అంది దీనా, ఈసారి అతని వైపు తిరిగి.

అతను చెప్పాడు.

"నాకు దానికి మూడింతలు పడింది. అదే బండి, అదే పెట్టె, అదే బెంచీ. మూడింతలు కట్టిన మనిషి మధ్యలో ఇరుక్కుని కూర్చోవాలా? మీరేమో దర్జాగా కొండలు చూసుకుంటూ వెళ్తారా? ఇదేం న్యాయమో మీరే సెప్పండి."

"నేనేటి సెప్తానండి? రేటు నేను పెట్టేనా?"

"లేదు. అందుకే మిమ్మల్ని తిట్టట్లేదు. లేవను అంటున్నాను, అంతే."

అతనికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. గొడుగు మడిచి బెంచీ కింద పెట్టి, బుద్ధిగా మధ్యలో కూర్చున్నాడు.

"అయితే ఒక్క రిక్వెస్ట్ అండి. సొరంగాలు వచ్చినప్పుడైనా కిటికీ నాకియ్యండి. సీకట్లో మీకూ ఏటీ కనబడదు కదా."

దీనా గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయింది. నవ్వితే ఓడిపోయినట్టే. కానీ అద్దం మీద వాన చినుకుల మధ్య ఆమె పెదాలు వణకడం అతను చూడనే చూశాడు.

అంత కోపం ఎందుకంటే, పుట్టి బుద్ధెరిగాక దీనా సొంతంగా కొన్న మొదటి రైలు టికెట్ అది.

ఆమె తండ్రి ఐజాక్ రాయగడలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఇంట్లో టికెట్ కొని రైలెక్కడం అన్నది ఎవరూ ఎరగరు. సెలవులకీ పాసే, పెళ్ళిళ్ళకీ పాసే, వేళంగిణి మొక్కుకీ పాసే. తల్లి రూతమ్మ దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు: పాసున్న వాళ్ళు, పాపం టికెట్ కొనుక్కునే వాళ్ళు. కోరాపుట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం రాగానే దీనా ఆ ఇంట్లో బాంబు పేల్చింది. "ఇంక నాన్న పాసు మీద నేనెక్కను. సంపాదిస్తున్నాను, నా టికెట్ నేనే కొనుక్కుంటాను."

"దీనికి రెక్కలొచ్చేయండీ," అంది రూతమ్మ.

"వస్తే రానీ. ఎగరడానికే కదా ఇచ్చేడు దేవుడు," అన్నాడు ఐజాక్.

తీరా చూస్తే డ్యూటీ చార్టు ఆఖరి నిమిషంలో మారింది. సీట్లన్నీ అయిపోయాయి. ఫోనులో ఏదో ప్రీమియం తత్కాల్ అని కనబడింది. ఓటీపీ కొట్టేలోగా రేటు పెరిగింది. మళ్ళీ కొట్టేలోగా ఇంకా పెరిగింది. నిలబడి చూస్తుండగా బేరం పెంచేసే కొట్టు ఈ లోకంలో ఇదొక్కటే అని అప్పుడే తెలిసింది ఆమెకి.

"నేను నెల ముందే బుక్ సేసుకున్నానండి," అన్నాడు అతను సంజాయిషీ చెప్తున్నట్టు.

"జబ్బులు నెల ముందు సెప్పి వస్తాయేటి? నాకు సెలవెప్పుడో నాకే తెలీదు."

ఎదుటి పెద్దాయన ఉండబట్టలేక తన టికెట్ తీసి చూపించాడు. ఆయన రాయగడ దాటి పార్వతీపురం దాకా వెళ్తున్నాడు. అయినా ఇంచుమించు ఈ కుర్రాడి రేటే.

"ఇదెలగ?" అంది దీనా.

"రెండొందల కిలోమీటర్ల లోపల ఎక్కడ దిగినా రెండొందలకీ కట్టాలంట. అందుకని దగ్గరకీ దూరానికీ ఒకటే పడతాదంట," అన్నాడు కుర్రాడు.

"అంటా? ఎవరు సెప్పేరు?"

"ఎవరో..."

"అంటే మీకూ తెలీదన్నమాట."

"తెలీదండి," అని ఒప్పేసుకున్నాడు. "మీ పేరేటండి?"

"దీనా."

అతను ఆమెని ఒకసారి, ఆమె ఆక్రమించుకున్న కిటికీని ఒకసారి చూశాడు. "ఎవరు పెట్టేరండి ఈ పేరు? ఎక్కడా అతకలేదు."

రాయగడలో ప్లాట్‌ఫాం మీద ఐజాక్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దీనా దిగీ దిగకుండానే అడిగింది. "నాన్నా, కోరాపుట్ నుంచి ఇక్కడికి టికెట్ ఎంత?"

జీవితమంతా ఈ లైన్లోనే బండికి పచ్చజెండా ఊపిన మనిషి, గొడుగు కింద నిలబడి చాలాసేపు ఆలోచించాడు.

"నాకేటి తెలుసే? నేనెప్పుడైనా కొన్నానా?"

వెనకాలే దిగిన కుర్రాడు పకపకా నవ్వేశాడు. ఐజాక్ తిరిగి చూశాడు. "సారీ అంకుల్," అని దణ్ణం పెట్టి వానలోకి పరిగెత్తాడు.

అతని పేరు విమల్ కుమార్ అని తర్వాతి శనివారం తెలిసింది. దామన్‌జోడీ అల్యూమినియం కంపెనీలో కాంట్రాక్టు మీద ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. తండ్రి లేడు. తల్లి సింహాచలమ్మ రాయగడలో బడి టీచరు. శనివారం మధ్యాహ్నం ఊరికి, ఆదివారం తిరుగు బండికి పనికి.

ఇక ప్రతి వారం అదే తంతు. దీనా కోరాపుట్‌లో ఎక్కేది. దామన్‌జోడీలో విమల్ ఎక్కేవాడు. కూర్చోకముందే "ఈ వారం ఎంత?" అనేవాడు. ఒకసారి ఆమెది ఎక్కువ, ఒకసారి అతనిది. ఒకసారి జనరల్ టికెట్ తీసుకుని, సీటు దొరక్క తలుపు పక్కన నిలబడి, "ఈ రేటే అన్నిటికన్నా నయం, కాళ్ళు మాత్రం మనవి కావు," అనుకున్నారు. ఎక్కువ కట్టిన వాళ్ళకి తక్కువ కట్టిన వాళ్ళు రాయగడ స్టేషన్ బయట బరా, గుగుని కొనిపెట్టాలని ఒప్పందం. ఆకు దొప్పలో గారెల్లాంటి వేడి బరా మీద బఠాణీ కూర పోయించుకుని తింటూ కూడా వాదించుకునేవారు.

"కంప్లయింట్ పెట్టేను," అంది దీనా ఒకరోజు.

"జవాబొచ్చిందా?"

"వచ్చింది. రూల్స్ ప్రకారమే ఉందంట. ఆ రూల్స్ ఏటో సెప్పమని మళ్ళీ పెట్టేను."

"నిన్ను చూస్తే వాళ్ళ మీద జాలేస్తంది."

"జాలెందుకు? సెప్పేస్తే సరిపోతాది కదా!"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక శనివారం అతను ఎక్కగానే అడిగాడు. ఆమె చెప్పింది. అతను తన ఫోను చూపించాడు. ఇద్దరిదీ ఒకటే రేటు. పైసా తేడా లేదు.

ఆ రోజు ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు.

కాకిరిగుమ్మ దాటింది. లక్ష్మీపూర్ దాటింది. బయట కొండల మీద తెల్లటి వాన దిగుతోంది. సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దంలో ఇద్దరి మొహాలూ పక్కపక్కన కనబడుతున్నాయి. వెలుగు రాగానే మాయమవుతున్నాయి. ఇంకో సొరంగం వస్తే బావుణ్ణు అనిపించింది దీనాకి. వచ్చింది. అద్దంలో చూస్తే విమల్ అప్పటికే చూస్తున్నాడు.

"ఏటి?" అంది.

"ఏటీ లేదు. కొండలు చూస్తున్నాను."

"సొరంగంలోనా?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ ప్రయాణమే అన్నిటికన్నా తొందరగా అయిపోయింది.

*

రూతమ్మ ఫోను చేసింది.

"నోయెల్ అని, విజయనగరం అబ్బాయి. మంచి విశ్వాసుల కుటుంబం. గూడ్సు బండికి గార్డు. అచ్చం మీ నాన్న ఉద్యోగమే! వచ్చే ఆదివారం సూడ్డానికొస్తున్నారు. దీనా, సచ్చేదాకా టికెట్ కొనక్కర్లేదే నువ్వు!"

"అమ్మా, నేను సేసుకోవాల్సింది మనిషినా, పాసునా?"

"పాసున్న మనిషిని."

ఆ శనివారం దామన్‌జోడీలో విమల్ ఎక్కి "ఎంత?" అనబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు నన్ను చూడ్డానికొస్తున్నారు. అంతకుముందే నువ్వొచ్చి మా వాళ్ళతో మాట్లాడు."

"ఏటి మాట్లాడాలి?"

"నన్ను సేసుకుంటానని."

పక్కన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న ఆవిడ ఒలవడం ఆపేసింది. విమల్ కిటికీ బయటికి చూశాడు, నేలకేసి చూశాడు. చివరికి మెల్లగా అన్నాడు. "నాది కాంట్రాక్టు ఉద్యోగం దీనా. పాసు లేదు, క్వార్టర్ లేదు. గార్డు సంబంధం ముందు నేనేటి? ఒక రెండేళ్ళు ఆగితే పర్మనెంటు అవుద్దేమో..."

"నేనడిగింది అది కాదు. నేనంటే ఇష్టమా, కాదా?"

"ఇష్టమే. కానీ..."

"ఇంకోసారి కానీ అన్నావంటే నీ బ్యాగు కిటికీలోంచి విసిరేస్తాను."

అతను అనలేదు. ఇంకేమీ కూడా అనలేదు. దానికే ఆమెకి మండింది.

"రైలు రేట్ల మీద వారం వారం నాతో కలిసి ఎగిరేవు. నా కోసం మా అమ్మ ఎదర ఒక్క మాట అనలేవా? నన్ను వెయిటింగ్ లిస్టులో పెడతావా?"

రాయగడలో వెనక్కి చూడకుండా దిగిపోయింది.

మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి నోయెల్ వాళ్ళు వచ్చేశారు. నోయెల్ నెమ్మదస్తుడే. వాళ్ళమ్మే దీనా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "పెళ్ళయ్యేక నీకీ డ్యూటీలూ అవీ ఎందుకమ్మా? హాయిగా మానేసి ఇంట్లో ఉండు. పాసుంది కదా, మీ అమ్మని సూడాలనిపిస్తే ఎన్నిసార్లయినా రావొచ్చు."

దీనా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉద్యోగం మాననండి. మా అమ్మని చూడాలనిపిస్తే టికెట్ కొనుక్కుని వస్తాను, మూడింతలైనా సరే. ఇంకో మాట కూడా ఇప్పుడే సెప్పేస్తాను. నాకు వేరే ఒకతనంటే ఇష్టం. అతనికి ధైర్యం సాల్లేదు, రాలేదు. అతనెప్పటికీ రాకపోయినా ఈ పెళ్ళి మాత్రం నాకొద్దు."

నోయెల్ టీ కప్పు కింద పెట్టి, "ముందే సెప్పేరు, థాంక్సండి," అని లేచాడు. అతని మొహంలో ఎక్కడో చిన్న రిలీఫ్ కూడా కనబడింది.

వాళ్ళు గేటు దాటగానే రూతమ్మ విరుచుకుపడింది. "ఎవడే వాడు? పేరు సెప్పు!"

"సెప్పను. అతని పేరు అతనే వచ్చి సెప్పుకోవాలి. అంత దమ్ము లేకపోతే ఆ పేరు మనకెందుకు?"

తల్లి చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, మొహం కడుక్కుంది. రెండుసార్లు.

తర్వాత రెండు వారాలు ఊరికి వెళ్ళలేదు. శనివారాలు కావాలని డ్యూటీ వేయించుకుంది. విమల్ నుంచి ఫోన్లు వచ్చాయి, తీయలేదు. "రా" అన్న మాటకి "కొన్నాళ్ళు ఆగు" తప్ప ఇంకో జవాబు లేనప్పుడు ఫోనెందుకు?

రెండో ఆదివారం మధ్యాహ్నం ఐజాక్ ఫోను చేశాడు, గుసగుసగా.

"మీ అమ్మ బయల్దేరిందే. ఆ కుర్రాడెవడో కనుక్కుని, తిట్టి తరిమేసి మరీ వస్తానంటంది. ఈ ఏడాదికి పాసులన్నీ అయిపోయేయి కదా, తనే లైన్లో నిలబడి టికెట్ కొంది. ఒసే దీనా, కౌంటరు దగ్గర ఎంత గొడవ పెట్టిందనుకున్నావ్! స్టేషనంతా పోగయ్యేరు."

ఆ గొంతులో భయం ఉందో, గర్వం ఉందో దీనాకి అర్థం కాలేదు.

దీనా వెళ్ళేసరికి కోరాపుట్ స్టేషన్లో వాన పడుతోంది. బండి వచ్చి ఆగింది. పెట్టె తలుపులోంచి ముందుగా ఒక పెద్ద ఊరగాయ జాడీ బయటికొచ్చింది. దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని విమల్ దిగాడు. దామన్‌జోడీలో దిగిపోవాల్సిన మనిషి.

ఆమెని చూడగానే ఆగిపోయాడు. ఇక్కడెందుకున్నావని కూడా అడగలేదు. ఎన్ని సొరంగాల పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చాడో, అంతా ఒక్క గుక్కలో అనేశాడు.

"దీనా, తప్పు నాదే. వచ్చే ఆదివారం చర్చి అయ్యేక మీ ఇంటికొస్తాను. పర్మనెంటు అయినా కాకపోయినా వస్తాను. మీ అమ్మగారు తిడితే తిట్టించుకుంటాను. గెంటేస్తే మెట్ల మీద కూర్చుంటాను. నువ్వొద్దంటే తప్ప అక్కణ్ణించి లేవను."

దీనా అతని భుజం మీంచి వెనక్కి చూస్తోంది. కళ్ళు పెద్దవైపోతున్నాయి.

"ఏటలాగ చూస్తున్నావు? నిజంగానే వస్తాను. ఈ బండిలో ఒక ఆంటీ కలిసేరు. ఆవిడే గడ్డి పెట్టేరు, 'ఎవరో గయ్యాళిదానికి భయపడి బంగారంలాంటి పిల్లని వదులుకుంటావేటిరా' అని."

"గయ్యాళిది అన్న మాట నేనన్లేదు," అంది వెనక నుంచి రూతమ్మ, తలుపు కడ్డీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగుతూ. "అది నువ్వే అన్నావు."

"విమల్," అంది దీనా. "మా అమ్మ."

అతని చేతులు సడలిపోయాయి.

"జాడీ! జాడీ!" తల్లీ కూతురూ ఒక్కసారే అరిచారు. అతను దాన్ని గుండెలకి కరుచుకుని అలాగే కొయ్యబారిపోయాడు.

రూతమ్మ మాత్రం కూతురి వైపు తిరిగి మొదలుపెట్టింది. "ఏటే ఈ అన్యాయం? పొద్దున్న బండికి ఒక రేటు, ఈ బండికి ఇంకో రేటు. ఏం, అవే పట్టాలు కాదేటి? అవే కొండలు కాదేటి? పైగా దామన్‌జోడీకీ కోరాపుట్‌కీ ఒకటే టికెట్టంట! నా పక్కనావిడ ఇంకా ముందుకెళ్తంది, ఆవిడిదీ ఇంతేనంట! ఇన్నాళ్ళూ నువ్వు అరుస్తుంటే నీకే తిక్క అనుకున్నాను."

"అమ్మా, నువ్వు..."

"ఉండు, సెప్పనీ. నేను కౌంటరు దగ్గర అంతలేసి అరుస్తుంటే లైన్లో ఒక్కడు నోరు మెదపలేదు, తొందరగా కానీమని తొయ్యడం తప్ప. ఈ అబ్బాయొక్కడే నా పక్కకొచ్చి నిలబడ్డాడు. 'ఆవిడడిగింది తప్పేటి సార్, సెప్పండి' అన్నాడు. వెనకోళ్ళు తిట్టినా కదల్లేదు. బండెక్కేక కబుర్లలో పడ్డాం. ఒక నర్సమ్మంట, కోరాపుట్‌లో పనంట, టికెట్ రేట్ల మీద రైలంతా పోట్లాడతాదంట. ఈ లైన్లో అలాంటి అమ్మి ఇంకొకర్తె ఉందేటి? టికిరి రాకముందే తెలిసిపోయింది నాకు."

"తెలిసి కూడా..." అన్నాడు విమల్.

"తెలిసేకే సెప్పేను, వెళ్ళి ఆ పిల్ల వాళ్ళింట్లో మాట్లాడమని. తిట్టి తరిమేద్దామనే వచ్చేను, అబద్ధమెందుకు? కానీ దామన్‌జోడీ వచ్చింది, నువ్వు లేవలేదు. ఏటి బాబూ దిగవా అంటే, 'కోరాపుట్‌కి కూడా ఇదే టికెట్ కదా ఆంటీ, ఒకసారి ఆమె ఎదర నిలబడి వస్తాను' అన్నావు." రూతమ్మ పైట కొంగు నెత్తి మీదికి లాక్కుంది, వానకి. "అయినా నేనింకా ఒప్పుకోలేదు. పాసు లేదు. పర్మనెంటు లేదు. మరేటి సూసుకుని వస్తావు మా ఇంటికి?"

ఇదివరకటి విమల్ అయితే నేల చూసేవాడే.

"మీ అమ్మాయిని చూసుకునే వస్తానండి," అన్నాడతను, జాడీ దించకుండా.

రూతమ్మ అతన్ని ఎగాదిగా చూసి, కూతురి చెవి దగ్గర అంది, అందరికీ వినబడేలాగే. "ధైర్యం లేదన్నావు కదే?"

"అప్పుడు లేదమ్మా."

"మరెప్పుడొచ్చింది?"

"నాలుగ్గంటలు నీ పక్కన కూర్చున్నాడు కదా. అంటుకుంది."

రూతమ్మ నవ్వాపుకోవాలని చూసింది, ఆగలేదు. వానలో, ప్లాట్‌ఫాం మీద, ఉన్న పళంగా పడీపడీ నవ్వింది.

ఆ తర్వాతి ఆదివారం విమల్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. రూతమ్మ అన్న మాట ప్రకారం కాసేపు తిట్టింది. మనసు తృప్తి పడేదాకా తిట్టి, ఆకులు వేసింది. సింహాచలమ్మ, "మావాణ్ణి ఇంతబాగా తిట్టేవాళ్ళు దొరకడం అదృష్టమేనండి," అంది. దీనా అందరి ముందూ తేల్చి చెప్పింది: పెళ్ళయ్యాక కూడా ఉద్యోగం చేస్తుంది, కంప్లయింట్లూ పెడుతుంది. "పెట్టు. ఈసారి నా పేరు కూడా రాయి," అంది రూతమ్మ.

కోడికూర పొగలు కక్కుతోంది. ఐజాక్ లేచి నిలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ పిల్లలిద్దరినీ నీ సేతుల్లో పెడుతున్నాం..."

అందరూ తలలు వంచారు. దీనా వంచలేదు. ఎదురుగా విమల్ కూడా వంచలేదు. ఇప్పుడు కిటికీ అద్దంతో పని లేదు. ఎదురెదురుగా, తీరిగ్గా, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు.

"కళ్ళు మూసుకోండి ఇద్దరూ," అంది రూతమ్మ, కళ్ళు తెరవకుండానే.